థీమ్ పార్కు ఉద్యోగుల కట్టుబాట్లు

వినోదపు పార్కుల్లో రైడ్లు నడిపేవాళ్లు, కొలనుల దగ్గర కాపలా కాసేవాళ్లు, బొమ్మ వేషాలు కట్టేవాళ్లు, తినుబండారాలు అమ్మేవాళ్లు, చీపురు పట్టేవాళ్లు డ్యూటీలో ఉన్నంతసేపూ పాటించాల్సిన నియమాలు మామూలు కొలువుల్లో ఉండేవాటి కన్నా చాలా నిక్కచ్చిగా ఉంటాయి. గోళ్లు ఎంతవరకు పెంచుకోవచ్చు, జడ వెయ్యాలా ముడి చుట్టాలా, దారి అడిగినవాళ్లకు ఎలా చూపించాలి, రైడు కదిలే ముందు ఎవరు ఎవరికి సైగ చెయ్యాలి, జేబులో ఎంత డబ్బు ఉండొచ్చు, ఎక్కడ నిలబడి నీళ్లు తాగాలి అన్నవన్నీ ముందే రాసి ఉంటాయి. ఇవన్నీ రెండు అవసరాల నుంచి పుట్టాయి. వచ్చినవాళ్ల ప్రాణాలకు, పనిచేసేవాళ్ల ప్రాణాలకు ముప్పు రాకుండా చూడడం మొదటిది. టికెట్టు కొన్నవాడు వేరే లోకంలోకి వచ్చానన్న భ్రమలోనే ఉండేలా చూడడం రెండోది. ఉద్యోగి చేతికి మాత్రం ఈ రెండు రకాలూ ఒకే పుస్తకంలో అందుతాయి. వాటిని ఒకే సూపర్‌వైజర్ అమలు చేస్తాడు, దేన్ని తప్పినా వేటు ఒకే తీరుగా పడుతుంది. ఈ రంగంలో కోర్టుకెక్కిన పేచీలను, పెద్ద ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలావాటికి మూలం ఈ కలగాపులగంలోనే కనిపిస్తుంది.

రాయలసీమలోని పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పేరున్న థీమ్ పార్కు ఏదీ లేదు. అయినా ఈ ప్రాంతం వాళ్లకు పార్కులు కొత్త కాదు. బడిపిల్లల విహారయాత్ర చెన్నై వెళితే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీది వీజీపీలో ఆగుతుంది. బెంగళూరు వెళితే మైసూరు రోడ్డులో బిడది దగ్గర 2005లో తెరిచిన వండర్‌లాలో ఆగుతుంది. హైదరాబాదు వైపు 1996 నుంచి రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది, 2016లో రావిర్యాల దగ్గర మరో వండర్‌లా వచ్చింది. చదువు ముగించుకుని కుప్పంలో బెంగళూరు రైలెక్కే కుర్రాళ్లకు హోటళ్లు, మాల్స్‌తో పాటు ఇలాంటి పార్కులూ పని దొరికే చోట్లే.

నియమాల పుట్టుక

1955 జులై 17న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరుచుకుంది. అంతకుముందు అక్కడి వినోదపు మైదానాలంటే చెత్త, దుమ్ము, మోసపు జూదాలు, నోటి దురుసు మనుషులు అన్న పేరుండేది. ఆ పేరు తన పార్కుకు అంటకూడదన్నది వాల్ట్ డిస్నీ పట్టుదల. సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి వాన్ ఫ్రాన్స్ అనే ఆయన చేత ఆ ఏడాదే ఒక శిక్షణ కేంద్రం పెట్టించాడు. దానికి డిస్నీ యూనివర్సిటీ అని పేరు. వచ్చినవాళ్లను అతిథులనే అనాలి, పనిచేసేవాళ్లను నటవర్గం అనాలి, యూనిఫామ్‌ను వేషం అనాలి, జనం తిరిగే చోటు రంగస్థలం, మిగిలిందంతా తెర వెనుక అని అక్కడ నేర్పారు. పేరు పట్టీ మీద ఇంటిపేరు ఉండదు. దారి చూపాలంటే ఒక్క వేలు చాచకూడదు, రెండు వేళ్లు కలిపో అరచెయ్యి విప్పో చూపాలి. ముందు భద్రత, తర్వాత మర్యాద, ఆ తర్వాత ప్రదర్శన, చివర సామర్థ్యం అన్న వరుసక్రమం కూడా అక్కడే కుదురుకుంది. ప్రపంచంలోని పార్కులు చాలావరకు ఈ నమూనానే తిరగరాసుకున్నాయి. మన దేశంలో పేరున్న పార్కుల శిక్షణ తరగతుల్లోనూ దాని ఛాయ కనిపిస్తుంది.

తెర ముందు, తెర వెనుక అన్న విభజన తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పెద్దమండ్యానికి ఉత్తరాన, కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకంతో మొదలైన సురభి కుటుంబాల పిల్లలు తెర వెనుకే ఉయ్యాలలూగి పెరిగారు. అయితే సురభి నటుడు తన రంగం అయిపోగానే పక్కకు తప్పుకుని బీడీ వెలిగించుకోగలడు. పార్కు ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. అతని చుట్టూ నాలుగు వైపులా ప్రేక్షకులే, రంగం షిఫ్టు ముగిసేదాకా నడుస్తూనే ఉంటుంది. ఫ్లోరిడాలో 1971లో తెరిచిన మ్యాజిక్ కింగ్‌డమ్ కింద సొరంగ మార్గాలు కట్టింది దీనికోసమే. ఒక కాలపు వేషంలో ఉన్నవాడు ఇంకో కాలపు వీధిలో నడిచి జనానికి కనిపించకుండా, డ్యూటీకి వచ్చేపోయే దారి భూమి కింద పెట్టారు.

ఒంటి మీది నియమాలు

వాల్ట్ డిస్నీకి మీసం ఉండేది. ఆయన పార్కులో పనిచేసే మగవాళ్లు మాత్రం మీసం పెంచడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. గడ్డానికి 2012లో, కనిపించే పచ్చబొట్లకు 2021లో అనుమతి వచ్చింది. రాయలసీమ కుర్రాడికి ఈ చరిత్ర వింతగా తోచొచ్చు. మీసం తీసి రమ్మంటే ఉద్యోగమే వద్దనేవాళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. మన పార్కులు మీసం జోలికి అంతగా పోవు. రోజూ గడ్డం గీసుకోవడం, పొట్టి జుట్టు, ఆడవాళ్లకు ముడి, వల, నల్ల బూట్లు, కత్తిరించిన గోళ్లు, చేతికి ఒక్క వాచీ తప్ప ఏమీ లేకపోవడం వంటివి మాత్రం ఇక్కడా మామూలే. షిఫ్టు మొదలయ్యే ముందు వరుసగా నిలబెట్టి చూసే తనిఖీని గ్రూమింగ్ చెక్ అంటారు. అందులో తప్పినవాణ్ని కొన్నిచోట్ల వెనక్కి పంపేస్తారు, ఆ రోజు జీతం పోతుంది.

1992 ఏప్రిల్‌లో పారిస్ దగ్గర డిస్నీ పార్కు తెరిచినప్పుడు ఇవే నియమాలు ఫ్రాన్స్‌లో పెద్ద దుమారం లేపాయి. లిప్‌స్టిక్ రంగు, చెవిపోగు సైజు, లోదుస్తుల రంగు దాకా యజమాని చెప్పడమేమిటని అక్కడి కార్మిక సంఘాలు, కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్లు అడ్డం తిరిగారు. చెయ్యాల్సిన పనికి అవసరం లేని ఆంక్షను ఉద్యోగి వ్యక్తిగత స్వేచ్ఛ మీద పెట్టరాదని ఫ్రెంచి కార్మిక చట్టం చెబుతుంది. అమెరికాలో ఈ వాదన మతం వైపు నుంచి వచ్చింది. హిజాబ్‌తో పని చేస్తానన్న ఉద్యోగిని డిస్నీలాండ్ మీద 2012లో దావా వేసింది. ఫ్లోరిడా పార్కులో ఉత్తరాలు పంచే సిక్కు ఉద్యోగి తలపాగా, గడ్డం జనానికి కనబడకుండా అతనికి విడిగా దారి కేటాయించారు. 2015లో అది బయటికి పొక్కాక యాజమాన్యం ఆ పద్ధతి మానుకుంది.

తెలుగు నాట ఈ ప్రశ్న ఏటా కార్తీకంలో వస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండల దీక్ష ముగిసేదాకా గడ్డం గీయరు, చెప్పులు వేయరు, నల్లబట్టలు కడతారు. యూనిఫామ్ ఉన్న ప్రతి కొలువులోనూ ఇది చర్చకు వస్తుంది, 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసు శాఖలో దీని మీద పెద్ద వివాదమే నడిచింది. పార్కు విషయంలో ఈ దీక్షను విడదీసి చూస్తే రెండు రకాల నియమాల తేడా చక్కగా తెలిసిపోతుంది. టికెట్ కౌంటర్లో కూర్చునేవాడి గడ్డం వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, అది కేవలం చూపులకు సంబంధించిన నియమం. మండల కాలం సడలిస్తే పార్కుకు పోయేది ఏమీ లేదు. అదే మనిషి రైడు మోటారు గదిలో మెకానిక్ అయితే, వట్టి కాళ్లతో నూనె తడి ఇనుప మెట్లు ఎక్కడం ఒప్పుకోదగ్గది కాదు. అక్కడ బూట్లు విప్పితే అతని పాదాలకు రక్షణ ఉండదు. దీక్ష ఉన్నంతకాలం అతనికి వేరే పని ఇవ్వడమే మార్గం. తాళి గొలుసు, మెట్టెలు, గాజుల విషయంలోనూ ఇదే కొలత పనికొస్తుంది. గిఫ్టు షాపులో అవి ఎవరికీ అడ్డు కావు. తిరిగే యంత్రం పక్కన, నీటిలో ఇతరులను పట్టి లాగాల్సిన చోట అడ్డే.

జుట్టు ముడి నియమాన్ని సోకుగా కొట్టిపారేయడానికి లేదు. 2020 అక్టోబరులో హైదరాబాదు శివారు గుర్రంగూడలో గో కార్ట్ నడుపుతున్న ఇంజనీరింగు విద్యార్థిని జుట్టు చక్రంలో చిక్కుకుని చనిపోయింది. బండి కదిలే ముందు వచ్చినవాళ్ల జుట్టు, చున్నీ, స్కార్ఫు చూసి సర్దించడం అక్కడ నిలబడ్డ ఉద్యోగి పని. తన జడనే వదిలేసుకున్న ఉద్యోగి ఎదుటివాళ్లకు ఆ మాట గట్టిగా చెప్పలేడు.

బొమ్మ వేషంలో

చోటా భీమ్ లాంటి కార్టూన్ బొమ్మల వేషాలు కట్టేవాళ్లకు ఉండే కట్టుబాట్లు ఇంకెక్కడా కనిపించవు. వేషంలో ఉండగా మాట్లాడకూడదు. ఏం జరిగినా జనం మధ్యలో తల తీయకూడదు. ఒకే బొమ్మ ఒకేసారి రెండుచోట్ల కనిపించకూడదు. బొమ్మ సంతకం పెడితే ఎవరు లోపలున్నా ఒకే చేతిరాత రావాలి. పక్కన ఎప్పుడూ ఒక సహాయకుడు ఉంటాడు. బొమ్మ తలలోంచి ముందు తప్ప పక్కలు కనిపించవు కాబట్టి కాలి కింద మెట్టు ఉందా, చంటిపిల్ల ఉందా అని చూసేది అతనే.

నలభై డిగ్రీల ఎండలో స్పాంజి, నకిలీ బొచ్చు కప్పుకుని నిలబడడం ఎలా ఉంటుందో మే నెలలో మదనపల్లె బస్టాండులో నిలబడ్డవాళ్లకు కొంత ఊహకు అందుతుంది. కాబట్టి పద్ధతిగా నడిచే పార్కులు వేషంతో బయట ఉండే సమయాన్ని నిమిషాల్లో లెక్కగడతాయి. ఎండ పెరిగితే ఆ వ్యవధి తగ్గిస్తాయి, తెర వెనక్కి రాగానే తల తీయించి నీళ్లు తాగిస్తాయి. పెళ్లిళ్లకు, మాల్స్‌కు రోజుకూలి మీద ఇదే వేషం కట్టేవాళ్లకు ఆ లెక్క చూసే మనిషి ఉండడు. తల తీయకూడదన్న నియమం మాత్రం అక్కడా ఉంటుంది. భ్రమ నియమం తు.చ. తప్పకుండా చేరింది, దానికి విరుగుడుగా పుట్టిన ఆరోగ్య నియమం దారిలో జారిపోయింది.

ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో వేషధారులకు వేషంతో పాటు లోదుస్తులు కూడా కంపెనీవే ఇచ్చేవారు. అవి రోజూ చేతులు మారేవి, సరిగా ఉతికిరావడం లేదని, చర్మరోగాలు, పేలు అంటుకుంటున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. చివరికి 2001లో టీమ్‌స్టర్స్ యూనియన్ బేరమాడాకే ఎవరి లోదుస్తులు వాళ్లకు కేటాయించి, ఇంటికి తీసుకెళ్లి ఉతుక్కునే వీలు కల్పించారు. టోక్యో డిస్నీలాండ్‌లో ఇద్దరు వేషధారిణులు 2018లో కోర్టుకెళ్లారు. పది కిలోల దాకా బరువుండే వేషంతో చెయ్యి పదేపదే ఊపడం వల్ల నరాల జబ్బు వచ్చిందన్నది వాళ్లలో ఒకరి వాదన. పై అధికారుల వేధింపులు ఇంకొకరి ఫిర్యాదు. వేషం లోపల ఎవరున్నారో ఎవరికీ చెప్పకూడదన్నది కూడా ఆ కొలువులో నియమమే. దాంతో కష్టం చెప్పుకోవాలంటే ముందు గోప్యత నియమం దాటాల్సి వచ్చేది.

కదలని ఉద్యోగి

వీజీపీ పార్కుకు పోయివచ్చిన పిల్లలు రైడ్ల కన్నా ముందు బొమ్మ మనిషి సంగతి చెబుతారు. రాజభటుడి వేషంలో ప్రవేశద్వారం దగ్గర గంటల తరబడి కదలక మెదలక నిలబడతాడు. నవ్వించాలని చుట్టూ చేరి కుప్పిగంతులు వేస్తారు, ముఖం మీద ముఖం పెట్టి వెక్కిరిస్తారు, కొందరు గిల్లుతారు కూడా. అతని నియమం ఒకటే: కదలకూడదు. లండన్‌లో బకింగ్‌హామ్ రాజభవనం కాపలా సైనికులను చూసి పార్కు యజమానులకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. అక్కడి సైనికుడి చేతిలో తుపాకీ ఉంటుంది, దగ్గరికొచ్చినవాళ్లను గద్దించే హక్కుంది. ఇక్కడి బొమ్మ మనిషికి ఆ రెండూ లేవు. మూడు దశాబ్దాలకు పైగా సాగిన ఈ కొలువు దక్షిణాది పార్కుల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైన నియమపాలన. దాన్ని జనం ఆటగా తీసుకోవడం వల్ల అందులోని శ్రమ కంటికి ఆనదు.

రైడు దగ్గర

పార్కు తలుపులు పదకొండుకు తెరుచుకుంటే రైడు దగ్గర పని పొద్దున్నే మొదలవుతుంది. మెకానిక్కులు బోల్టులు, వెల్డింగు అతుకులు, బ్రేకులు, గాలి గొట్టాలు చూసి తనిఖీ పత్రం మీద వరుసగా టిక్కులు పెడతారు. రైడును మొదట ఖాళీగా తిప్పుతారు. తర్వాత ఇసుక మూటలో, నీళ్లు నింపిన బొమ్మలో కూర్చోబెట్టి తిప్పుతారు. మెకానిక్ సంతకం చేసి అప్పగిస్తేనే ఆపరేటరు తీసుకోవాలి, తీసుకున్నట్టు తనూ సంతకం పెట్టాలి. జనం వచ్చాక ఎత్తు కొలిచే బద్ద దగ్గర ఒకరు నిలబడతారు. బద్ద కన్నా వేలెడు తక్కువున్న పిల్లవాణ్ని వెనక్కి పంపడం చెప్పినంత తేలిక కాదు. నాలుగు వందల కిలోమీటర్ల నుంచి వచ్చామని తండ్రి గొడవకు దిగుతాడు, పెద్దసారును పిలవమంటాడు. పెద్దసారు వచ్చి సర్దుకుపొమ్మంటే ఆ రోజుతో బద్ద వట్టి కర్రముక్క అయిపోతుంది. కాబట్టి మంచి పార్కుల్లో ఎత్తు విషయంలో కింది ఉద్యోగి కాదన్నదాన్ని మేనేజరు కూడా అవుననకూడదన్న నియమం ఉంటుంది.

అందరూ కూర్చున్నాక ఇద్దరు సహాయకులు చెరో వైపు నుంచి నడుస్తూ ప్రతి భుజపట్టీని ఒకసారి కిందికి నొక్కి, ఒకసారి పైకి లాగి చూస్తారు. చూపుతో సరిపెట్టకూడదు, చెయ్యి పడాలి. కళ్లద్దాలు, ఫోన్లు, చెప్పులు పక్క అరల్లోకి వెళ్లాలి. వరుస చివర చేరాక ఇద్దరూ బొటనవేలు ఎత్తి చూపితే అప్పుడు ఆపరేటరు మీట నొక్కుతాడు. చాలా రైడ్లలో సహాయకుడు తన దగ్గరి బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప ఆపరేటరు బటన్ పనిచేయదు. అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ మీద నియమం పూర్తిగా వేరు. దాన్ని నొక్కడానికి ఎవరూ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, అనవసరంగా నొక్కినా శిక్ష ఉండకూడదు. తిరిగి నడిపే అధికారం మాత్రం ఆపరేటరుకు ఉండదు. మరమ్మతుకు లోపలికి దిగే మెకానిక్ కరెంటు స్విచ్చికి తన తాళం తనే వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. వేరేవాళ్లకు ఇవ్వకూడదు.

ఈ వరుసలో ఒక్క అడుగు తప్పితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు దురదృష్టవశాత్తు చాలానే ఉన్నాయి. ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్‌లో 2015 జూన్ 2న స్మైలర్ అనే రోలర్ కోస్టరు మీద ఖాళీ బండి ఒకటి మధ్యలో ఆగిపోయింది. వెనకాల 16 మందితో ఉన్న బండిని కంప్యూటరు ఆపేసింది. పట్టా మీద ఏమీ లేదనుకున్న ఇంజనీర్లు కంప్యూటరు హెచ్చరికను పక్కన పెట్టి బండి వదిలారు. అది ముందున్నదాన్ని గుద్దింది, ఇద్దరమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు. 2016లో యాజమాన్యానికి కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. తప్పు ఏ ఒక్క ఉద్యోగిదో కాదని, హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే పద్ధతే అక్కడ సరిగా లేదని తేలింది.

ఆస్ట్రేలియాలోని డ్రీమ్‌వరల్డ్‌లో 2016 అక్టోబరు 25న నీటి తెప్పల రైడు మీద నలుగురు చనిపోయారు. జనాన్ని దించే చోట నిలబడ్డ ఉద్యోగినికి ఆ రైడు మీద శిక్షణ ఇచ్చింది ఆ పొద్దున్నే. ఆమెకు దగ్గర్లోనే ఒక ఆపే బటన్ ఉంది. అది ఎంత త్వరగా ఆపుతుందో ఆమెకు ఎవరూ సరిగా చెప్పలేదు. విచారణ తర్వాత యాజమాన్యానికి 2020లో 36 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది.

మనకు దగ్గర్లో, చెన్నై శివారు కిష్కింటలో 2016 మేలో కొత్త రైడును ప్రయోగాత్మకంగా తిప్పుతుండగా విరిగింది. ఎక్కి ఉన్నది పార్కు ఉద్యోగులే. ఒకరు చనిపోయారు, పలువురు గాయపడ్డారు. ఇసుక మూటలుండాల్సిన చోట మనుషులుండడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రివాజు. పొద్దున్నే మొదటి చుట్టు సిబ్బంది తిరిగి రావడాన్ని ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటారు కూడా. నియమాల పుస్తకంలో అన్నిటికన్నా ముందు కొట్టెయ్యాల్సిన ఆచారం అది.

నీటి పార్కుల కట్టుబాట్లు ఇంకో తరహా. కాపలాదారులకు ప్రపంచమంతటా నేర్పే లెక్క పది, ఇరవై. తనకు అప్పగించిన నీటిని పది సెకన్లలో ఒకసారి పూర్తిగా చూడాలి, ఆపదలో ఉన్నవాడి దగ్గరికి ఇరవై సెకన్లలో చేరాలి. కళ్లు అలిసిపోతాయి కాబట్టి కొద్దిసేపటికొకసారి మనిషిని మార్చాలి. ఫోను, కబుర్లు నిషేధం. మన దగ్గర వీళ్లకు ఇంకో కష్టమైన పని అంటగట్టారు. కొలనులోకి నైలాన్ దుస్తులతోనే దిగాలని చెప్పి మిగతావాళ్లను ఆపడం. నూలు చీర తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, స్లయిడు అతుకుల్లో చిక్కుతుంది, నీటిని లాగే జాలీలోకి పోతుంది. కారణం సబబే. ఇరవై ఏళ్ల అమ్మాయి తన తల్లి వయసు ఆమెను గట్టు మీద ఆపి, అమ్మా ఈ చీరతో దిగకండి, అద్దె దుస్తులు అక్కడ ఇస్తారు అని చెప్పాల్సి వస్తుంది. వెంట వచ్చిన నలుగురు మగవాళ్లు అప్పుడు ఏమంటారో ఏ శిక్షణ తరగతీ ముందుగా చెప్పలేదు.

పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరలోనో మదనపల్లె ఎగ్జిబిషన్‌లోనో తిరిగే జెయింట్ వీల్, రంగులరాట్నాల దగ్గర రాసిన నియమాలేవీ ఉండవు. అలాగని నియమాలే లేవనుకోకూడదు. చక్రం తిప్పే మనిషి ఒక తొట్టిలో నలుగురిని ఎక్కించాక పక్క తొట్టి నింపడు, చక్రం సగం తిప్పి ఎదురు తొట్టి నింపుతాడు. బరువు రెండు వైపులా సమంగా లేకపోతే మోటారు ఈడ్వలేదని, ఆపితే ఆగదని అతనికి తండ్రి దగ్గరో మేస్త్రి దగ్గరో తెలిసింది. ఏ పూటకాపూట పిన్నులు చూసుకునేదీ అతనే. రాసి లేకపోవడం వల్ల ఈ విద్యకు వచ్చే చిక్కు ఒకటుంది. అది తెలిసిన మనిషి జ్వరంతో పడుకున్న రోజు చక్రం దగ్గరికి ఏమీ తెలియని కుర్రాడు వస్తాడు.

నవ్వు

ఎప్పుడూ నవ్వుతూ ఉండాలన్నది అన్ని పార్కుల్లోనూ ఉన్న నియమం. జీతం కోసం భావాలను అదుపులో పెట్టుకోవడాన్ని శ్రమగా లెక్కించాలని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోచ్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది గురించి రాసిన పుస్తకంలో వాదించింది. డిస్నీలాండ్‌లో స్వయంగా రైడు ఆపరేటరుగా పనిచేసిన జాన్ వాన్ మానెన్ 1991లో ప్రచురించిన పరిశీలనలో ఇంకా పదునైన సంగతి బయటపెట్టాడు. తిట్టిపోసే సందర్శకులకు ఎదురుమాట అనే వీలు లేని ఆపరేటర్లు ఆ కోపాన్ని సీటు బెల్టు మీద తీర్చుకునేవాళ్లు. బెల్టును ఊపిరాడనంత బిగించడం, బిగిస్తున్నట్టుగా దాని కొసతో ఛెళ్లుమనేలా కొట్టడం, బండిని ఉన్నట్టుండి కుదుపుతో ఆపడం లాంటివి. నవ్వు నియమాన్ని ఎవరూ తప్పలేదు, దానికి బదులు భద్రత కోసం పెట్టిన పరికరమే పగ తీర్చుకునే సాధనమైంది. ఉద్యోగికి గొడవ నుంచి తప్పుకుని సూపర్‌వైజర్‌ను పిలిచే హక్కు రాసి ఇస్తే ఇలాంటివి తగ్గుతాయి. ఇప్పుడు కొన్ని పార్కుల్లో ఆ ఏర్పాటు ఉంది.

పండగ సెలవుల సంగతీ ఇక్కడే చెప్పాలి. జనం వచ్చేది సంక్రాంతికి, దసరాకు, వేసవి సెలవులకు, ఆదివారాలకు కాబట్టి ఉద్యోగికి ఆ రోజుల్లో సెలవు దొరకదు. వారం వారం సెలవు మంగళవారమో బుధవారమో పడుతుంది. కుప్పం తిరుపతి గంగమ్మ జాతర మే నెలలో, సరిగ్గా పార్కులు కిటకిటలాడే రోజుల్లో వస్తుంది. ఊరి జాతరకు పోవాలంటే మేనమామకు ఒంట్లో బాగాలేకపోవాలి.

చట్టం ఏమంటుంది

నియమాలు పెట్టే అధికారం యాజమాన్యానిదే అయినా దానికి హద్దులున్నాయి. 1946 నాటి పారిశ్రామిక ఉపాధి స్థాయీ ఉత్తర్వుల చట్టం పరిధిలోని సంస్థలు దుష్ప్రవర్తన అంటే ఏమిటో ముందే రాసి ధృవీకరించుకోవాల్సి ఉండేది. వేటు వేసే ముందు అభియోగపత్రం ఇచ్చి వివరణ అడగాలి. విచారణ కోసం సస్పెండు చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం జీవనభృతిగా ఇవ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ చట్టం చోటు తీసుకుంది, స్థాయీ ఉత్తర్వుల పద్ధతిని 300 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలకు పరిమితం చేసింది. పెద్ద పార్కుల్లో కూడా సొంత ఉద్యోగులు కొందరే, మిగతావాళ్లు ఏజెన్సీల ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనుషులు. కాబట్టి ఈ లెక్క ఎలా వేస్తారన్నది ఉద్యోగులకు ముఖ్యమైన విషయం. ఏజెన్సీ మనిషికి వేటు వేయక్కర్లేదు, రేపటి నుంచి రావద్దని ఏజెన్సీకి ఒక ఫోను చేస్తే చాలు.

జరిమానాల మీద చట్టం ఇంకా స్పష్టం. జీతాల నుంచి కోసే జరిమానా ఆ నెల వేతనంలో మూడు శాతం దాటకూడదు. ఏ తప్పుకు జరిమానా ఉందో ముందే బోర్డు మీద పెట్టాలి, ఉద్యోగి మాట వినకుండా వేయకూడదు, వసూలైన డబ్బు కార్మికుల మేలుకే ఖర్చుపెట్టాలి. 1936 వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న ఈ నియమాన్ని వేతనాల కోడ్ అలాగే నిలుపుకుంది. గడ్డం గీసుకోలేదని, ఐడీ కార్డు మరిచాడని తోచినంత కోసే సూపర్‌వైజర్లు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

ఉద్యోగినులను సందర్శకులు వేధించినా అది పనిచోట వేధింపే. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం బయటి వ్యక్తుల నుంచి కూడా రక్షణ కల్పించే బాధ్యత యజమానిదే. అతిథి దేవుడన్న మాట ఇక్కడ చెల్లదు. స్త్రీ ఉద్యోగానికి పెట్టే షరతుల విషయంలో 1981లో సుప్రీంకోర్టు నర్గీస్ మీర్జా కేసులో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ దారి చూపుతుంది. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ఊడుతుందన్న ఎయిర్ ఇండియా నియమాన్ని ఆ తీర్పు కొట్టేసింది. పెళ్లి, వయసు మీది కొన్ని షరతులను మాత్రం ఉంచింది.

రైడ్ల భద్రత మీద భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 అనే ప్రమాణాన్ని రూపొందించింది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థలో 1978లో ఏర్పడిన ఎఫ్ 24 కమిటీ ప్రమాణాలు, ఐరోపా ప్రమాణం ఈఎన్ 13814 కూడా మన పెద్ద పార్కులు చూసుకునేవే. వీటిలో ఆపరేటరు శిక్షణ, తనిఖీ పత్రాలు, జనాన్ని ఎక్కించి దించే పద్ధతి మీద విడిగా భాగాలున్నాయి. మీసం గురించి ఏమీ ఉండదు. ప్రమాదం జరిగాక అధికారులు అడిగేది ఈ పత్రాలనే. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గరి పార్కులో ఊయల రైడు విరిగి ఇద్దరు చనిపోయినప్పుడూ విచారణ నిర్వహణ, మరమ్మతుల లెక్కల వైపే నడిచింది.

గంటల తరబడి నిలబడే ఉద్యోగుల కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాలు, సంస్థల చట్టాలను సవరించి కూర్చునే సౌకర్యం తప్పనిసరి చేశాయి. ఫ్యాక్టరీల చట్టంలో 1948 నుంచి ఉన్న ఈ నిబంధన వృత్తి భద్రత కోడ్‌లోకి కూడా వచ్చింది. రైడు దగ్గర సహాయకుడికి కూర్చోవడం కుదరకపోయినా, గంటకో అరగంటకో చోటు మార్చి ఎత్తుబద్ద దగ్గరి స్టూలు మీదికి పంపొచ్చు. చాలా పార్కులు కళ్లు, చెయ్యి చురుగ్గా ఉండాలని ఇప్పటికే ఈ మార్పిడి చేస్తున్నాయి. కుర్చీ కనబడితే బద్ధకంగా ఉన్నారనుకుంటారని దాన్ని తీసేయించే మేనేజర్లు కూడా అవే పార్కుల్లో ఉన్నారు.